సముద్రంలో కరణీకం

(చెన్నైలో తెలుగు విద్యార్థులు, తల్లిదండ్రులు కలిసిన ఒక ఆదివారం సమావేశంలో ఒక బీకాం విద్యార్థిని చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

పెద్దలందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నన్ను పిలిచిన అన్నయ్య ఫోన్లో, "పగడపు దిబ్బల్ని కాపాడిన అమ్మాయి అని పరిచయం చేస్తామమ్మా" అన్నారు. వద్దండీ అన్నాను. నేను ఇంతవరకూ ఒక్క పగడాన్నీ కాపాడలేదు. ఒకదాన్ని మాత్రం విరగ్గొట్టాను. ఆ సంగతి దాచకుండా చెబుతాను గానీ, ముందు మా ఇంటి షోకేసు దగ్గర మొదలుపెడతాను.

మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. నాన్న ఉద్యోగం ఇక్కడ కాబట్టి నేను చెన్నైలోనే పెరిగాను, కానీ సెలవులొస్తే తాతయ్య, నానమ్మల దగ్గరే. ఆ ఇంట్లో ఒక అద్దాల షోకేసు ఉంది. అందులో కొండపల్లి ఎడ్లబండి, ఎవరో పెళ్లిలో ఇచ్చిన గాజు గ్లాసుల సెట్టు, ప్లాస్టిక్ తాజ్ మహల్. వాటి మధ్యలో తెల్లగా, కొమ్మలు కొమ్మలుగా, అరచెయ్యంత రాయి ఒకటి. నానమ్మ వాళ్లు కాశీ వెళ్లొచ్చి, గంగ పట్టుకుని రామేశ్వరం వెళ్లినప్పుడు గుడి బయట అంగట్లో కొన్నారట. చిన్నప్పుడు నేను దాన్ని సముద్రంలో మొలిచిన చెట్టు అనుకునేదాన్ని. దగ్గర పెట్టుకుని చూస్తే దాని ఒంటినిండా గుండుసూది తలంత గుంటలు. ఒక్కో గుంటలో మధ్యకి చేరే సన్నటి గీతలు, నక్షత్రంలా. ఆ గుంట ఒక్కొక్కటీ ఒక ప్రాణి కాపురమున్న గది అని నాకు ఇరవయ్యో ఏట తెలిసింది. నానమ్మకి చెబితే, "అయ్యో, ఇన్నాళ్లూ గుడ్డతో దుమ్ము దులిపానే" అంది.

పగడం అనగానే మనవాళ్లకి ఉంగరం గుర్తొస్తుంది. కుజదోషం, మంగళవారం, ఏ వేలికి పెట్టాలి, ఇవన్నీ. అది వేరే జాతి అండీ. ఉంగరంలోకి వచ్చే ఎర్ర పగడానికి పేరుపడ్డది మధ్యధరా సముద్రం. మసక చీకటి ఉండే చోట్ల పెరుగుతుంది, దిబ్బలు కట్టదు. నేను చెప్పేవి దిబ్బలు కట్టే పగడాలు. అవి చెట్లు కావు, రాళ్లు కావు, జంతువులే. ఒక నోరు, దాని చుట్టూ చిన్న చిన్న చేతులు, అంతే శరీరం. సముద్రపు నీళ్లలోంచి సున్నం తీసుకుని తన కింద, తన చుట్టూ గిన్నెలాగా కట్టుకుంటుంది. దాని ఒంట్లో ఒంటికణం పాచి ఒకటి అద్దెకుంటుంది. అద్దె బాగానే కడుతుంది లెండి. ఎండ తగిలితే చాలు, ఆ పాచి వండి పెట్టేదే పగడానికి తిండి, 90 శాతం దాకా. మనకి కనిపించే గోధుమ, ఆకుపచ్చ రంగులు కూడా చాలావరకు ఆ పాచివే.

పాచికి ఎండ కావాలంటే నీళ్లు తేటగా ఉండాలి. మీలో చాలామంది నెల్లూరు, ఒంగోలు, బందరు వైపు వాళ్లే ఉంటారు. మైపాడు బీచిలో మోకాలి లోతుకి దిగితే మన పాదం మనకి కనిపించదు. గోదావరి, కృష్ణ, పెన్న తెచ్చి పోసే ఒండ్రు, మంచినీళ్లు మన పొలాలకి వరం గానీ పగడానికి ఊపిరాడనివ్వవు. అందుకే మన తీరం పొడవునా చెప్పుకోదగ్గ దిబ్బలు లేవు. దేశంలో పెద్ద దిబ్బలు నాలుగు చోట్ల ఉన్నాయి: కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్, ఇంకొకటి మనకి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే మన్నార్ సింధుశాఖ. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా వరసగా 21 దీవులు, వాటి చుట్టూ దిబ్బలు. 1986లో వాటిని సముద్ర జాతీయ పార్కు చేశారు. 21 అని పుస్తకంలో ఉంటుంది గానీ, రెండు దీవులు ఇప్పుడు నీళ్ల కిందకి పోయాయి. వాటి చుట్టూ ఉన్న పగడాన్ని సున్నానికీ, ఇళ్లకీ ఏళ్ల తరబడి తవ్వేశారు. అలని ఆపే గోడ పోయాక ఇసుక ఎన్నాళ్లు నిలుస్తుంది?

సరే, నేనెలా అందులో పడ్డాను? కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం. దిబ్బల సర్వేకి విద్యార్థి డైవర్లు కావాలి, ఏ సబ్జెక్టయినా పర్వాలేదు, డైవింగ్ సర్టిఫికెట్ ఉండాలి, లేదా తెచ్చుకోవాలి. నేను బీకాం. జువాలజీ వాళ్లు ఉంటారు, నాకెక్కడ సీటొస్తుంది అనుకున్నాను. తర్వాత తెలిసింది, వాళ్లకి కావలసింది చేపల పేర్లు తెలిసినవాళ్లు కాదు, ఒకే పనిని విసుగు లేకుండా రెండొందల సార్లు చేసేవాళ్లు.

ఇంట్లో చెబితే అమ్మకి టెన్షన్. "మెరీనాలో మోకాళ్ల దాకా దిగితేనే కేకలేస్తాను, నువ్వు అడుక్కి పోతావా?" అంది. అమ్మ అడిగినవన్నీ న్యాయమైన ప్రశ్నలే కాబట్టి ఇక్కడున్న తల్లిదండ్రుల కోసం చెబుతున్నాను. ఈత రావాలి. ప్రారంభ కోర్సుకి సాధారణంగా 200 మీటర్లు ఈదమంటారు, 10 నిమిషాలు దేన్నీ పట్టుకోకుండా తేలమంటారు. ఆస్తమా, చెవి జబ్బులు, గుండె జబ్బులు, మూర్ఛ ఉన్నాయా అని ఫారం ఇస్తారు. దేనికైనా అవునని రాస్తే డాక్టరు సంతకం కావాలి. అక్కడ అబద్ధం రాయకండి, రాయించకండి. ఆ మొదటి సర్టిఫికెట్‌తో 18 మీటర్లకి మించి దిగకూడదు. సిలిండర్ గాలి పీలుస్తూ నీళ్లలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు, పాఠంలో మొట్టమొదటి సూత్రం అదే. కింద పీల్చిన గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బుతుంది. ఊపిరి బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. నాకు కోర్సుకి 30 వేల పైచిలుకు అయింది. సగం నాన్న, సగం నా ట్యూషన్ల డబ్బు.

కోర్సు ఒక సంస్థలో చేశాను. పేరు వద్దు. మూడు రోజుల్లో ముగించేశారు, చేతిలో కార్డు పెట్టారు, ఫోటో తీశారు. నాకంతా వచ్చేసిందనుకున్నాను.

రామేశ్వరం దారిలో మండపం అనే ఊరు చేరిన రెండో రోజు. మా టీముని నడిపే మేడం ఒక శాస్త్రవేత్త. మేం అటవీ శాఖ అనుమతి మీద వెళ్లాం, కాగితంలో మా పేర్లు ఒక్కొక్కటీ ఎక్కించారు. పార్కు నీళ్లలో ఊరికే సరదాకి దిగడానికి లేదు. పడవ ఆగింది. లోతు ఎంతనుకుంటున్నారు? 3 మీటర్లు. మేడమీద గది పైకప్పంత కూడా లేదు. ఇంత లోతుకి ఇంత సరంజామా ఎందుకా అని నవ్వుకున్నాను. దిగాక తెలిసింది నవ్వు సంగతి.

లోతు పెరిగేకొద్దీ కష్టమని మనం అనుకుంటాం. ఒకచోట కదలకుండా తేలడం విషయంలో అది తలకిందులు. నీటి మట్టం నుంచి 10 మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపు అవుతుంది, తేలడానికి వేసుకునే జాకెట్లో ఉన్న గాలి సగానికి కుంచించుకుపోతుంది. 20 నుంచి 30కి దిగితే మూడు రెట్లు నాలుగు రెట్లవుతుంది, తేడా అంత తెలియదు. అందుకని పైపైనే, ఆ మూడు నాలుగు మీటర్లలోనే, ఒక అడుగు పైకి లేస్తే గాలి ఉబ్బి ఇంకా పైకి లాగుతుంది, ఒక అడుగు కిందికి జారితే ఇంకా కిందికి ముంచుతుంది. పైనుంచి అలలు ఇటూ అటూ ఊపుతుంటాయి. నేను గాల్లో వదిలేసిన బెలూనులా ఉన్నాను. కాళ్లు కొట్టుకున్నాను. కాళ్లకి రెండడుగుల ఫిన్లు, అదే ఈత రెక్కలు, ఉన్నాయన్న సంగతి మనసుకి తెలుసు, కాళ్లకి తెలియదు.

నీళ్లలో చప్పుడు మెదడు లోపల వినిపించినట్టుంటుంది. దిబ్బ మీద ఎప్పుడూ ఒక చిటపట. పోపులో ఆవాలు వేగినట్టు. చిటికెలేసే రొయ్యలు చేసే శబ్దం అది. ఆ చిటపట మధ్యలో టక్కుమని ఒకటి వినిపించింది. వెనక్కి చూశాను. జింక కొమ్ముల్లాంటి పగడం, అందులో ఒక కొమ్మ విరిగి పక్కన పడుంది. చూపుడువేలంత. విరిగిన చోట తెల్లగా, అచ్చం మా షోకేసులో రాయిలాగే. మిగతా కొమ్మంతా గోధుమ రంగులో, మెత్తగా, ప్రాణంతో ఉంది.

పైకొచ్చాక మేడం తిట్టలేదు. తిడితే బాగుండేది. పలక మీద ఆ రోజు లెక్కలో ఒక గడి నింపమన్నారు: దెబ్బలు, కారణం, డైవర్. నా తప్పు నా చేత్తోనే రాయించారు. తర్వాత రెండు రోజులు నన్ను పగడాల దగ్గరికి రానివ్వలేదు. పక్కన ఉత్త ఇసుక మీద తేలడం నేర్చుకోమన్నారు. చేతులు కట్టుకోమన్నారు. బడిలో పంతులుగారి ముందు కట్టుకున్నట్టు. జాకెట్లోకి గాలి పంపే బటన్ ముట్టుకోవద్దు, ఊపిరితోనే ఎత్తు సరిచూసుకో అన్నారు. నిండుగా పీలిస్తే శరీరం మెల్లగా లేస్తుంది, వదిలితే మెల్లగా దిగుతుంది. మధ్యలో ఒక చోటుంటుంది, అక్కడ లేవదు, దిగదు. ఆ చోటు నాకు రెండో రోజు సాయంత్రం దొరికింది. ఇసుకలో ఒక పీత కలుగులోంచి బయటికొచ్చి, నన్ను చూసి కూడా లోపలికి పోలేదు. నాకు అసలు సర్టిఫికెట్ ఇచ్చింది ఆ పీతే అనుకుంటాను. (నవ్వులు)

ఇక అసలు పనికొద్దాం. కాపాడటం అంటే ఏదో నాటడం, ఎత్తడం, రక్షించడం అనుకుని వెళ్తాం. మా చేత చేయించింది కరణీకం. అక్షరాలా కరణీకమే, మాట వరసకి అనడం లేదు.

తాతయ్య మా ఊరి కరణం. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణీకాలు, మునసబీలు రద్దు చేసేదాకా ఊరి లెక్కలు ఆయన చేతిలో ఉండేవి. ఏ సర్వే నంబరులో ఏ పైరు, ఎంత విస్తీర్ణం, తడా మెట్టా, ఏ ఫసలీలో ఏం పండింది, ఇవన్నీ అడంగల్లో ఎక్కించాలి. ఇంట్లో కూర్చుని ఎక్కిస్తే కుదరదు, పొలం గట్టు మీదికి పోయి చూసి రాయాలి. ఇంట్లో కూర్చుని రాసే కరణాలూ ఉండేవారట, తాతయ్యే చెప్పారు. తన గురించి మాత్రం చెప్పలేదు.

మేం చేసిందీ అదే. సముద్రం అడుగున 20 మీటర్ల టేపు పరుస్తాం. రెండు కొనల్లో ముందే పాతిన ఇనుప కడ్డీలుంటాయి, ఏటా అవే కడ్డీల మధ్య పరవాలి. తర్వాత టేపు మీద తేలుతూ, ప్రతి 50 సెంటీమీటర్లకీ సరిగ్గా ఆ గీత కింద ఏముందో రాయాలి. మొత్తం 40 చోట్లు. ప్రాణమున్న గట్టి పగడమా, మెత్త పగడమా, ఈమధ్యే చచ్చిన పగడమా, రాయా, ఇసుకా, నాచా. పక్కనే ఎంత అందమైన పగడమున్నా గీత కింద ఇసుకుంటే ఇసుకని రాయాల్సిందే. మొదట్లో ఎవరికైనా చెయ్యి అటే పోతుంది, అయ్యో ఇది రాస్తే బాగుంటుంది కదా అని. అక్కడే లెక్క చెడుతుంది.

తాతయ్యకి ఈ పద్ధతి చెబితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "టేపు ఎంత పొడుగు?" 20 మీటర్లన్నాను. ఆయన కళ్లు మూసుకుని, "మా గొలుసు 66 అడుగులే. 100 లింకులు" అన్నారు. లెక్కేసి చూశాను. 66 అడుగులంటే 20 మీటర్ల 12 సెంటీమీటర్లు. పొలాలు కొలిచిన గొలుసూ, పగడాలు కొలిచే టేపూ దాదాపు ఒకే కొలత! క్రికెట్ పిచ్ 22 గజాలు కూడా అదే గొలుసు. ఆ రోజు తాతయ్య నా పనిని మొదటిసారి పనిగా ఒప్పుకున్నారు. అప్పటిదాకా అది ఆయనకి "పిల్ల సముద్రంలో ఆడుకోవడం".

రాయడం ఎలాగంటే, ప్లాస్టిక్ పలక, మామూలు పెన్సిల్. పెన్సిల్‌ని దారంతో పలకకి కట్టేస్తాం, లేకపోతే పైకి తేలిపోతుంది. సీసం మాత్రం నీళ్లలో కూడా చక్కగా రాస్తుంది. రాత్రి గదిలో కూర్చుని పలక మీదవి నోటుబుక్కులోకి, అక్కడినుంచి కంప్యూటర్లోకి ఎక్కించి, పలకని పళ్లపొడి వేసి తోమాలి. నేను వెళ్లిన మొదటి వారం మా లెక్కలేవీ లెక్కలోకి తీసుకోలేదు. ఒకే టేపుని మేడం ఒకసారి, నేను ఒకసారి చూసి రాసి, రెండూ పక్కపక్కన పెట్టేవాళ్లం. మొదటిసారి 40లో 11 తేడా వచ్చాయి. చచ్చిన పగడాన్నీ రాయినీ కలిపేశాను. పాచి పట్టి ఆరు నెలలైతే రెండూ ఒకేలా ఉంటాయి మరి. నాలుగో రోజుకి తేడా 3కి వచ్చింది. అప్పుడు, "రేపట్నుంచి నీ లెక్క కూడా ఫైల్లో పెడదాం" అన్నారు మేడం. ఇంటర్ మార్కులకి కూడా అంత సంతోషపడలేదు.

కొన్ని రోజులు లెక్క కాకుండా ఒళ్లొంచే పనుండేది. దిబ్బకి చుట్టుకున్న పాత వలలు తియ్యాలి. లాగకూడదు, లాగితే కొమ్మలన్నీ ఊడొస్తాయి. కత్తెరతో ఒక్కో కన్ను కత్తిరించుకుంటూ రావాలి. గుమ్మం అంత వలకి నలుగురికి ఒక పూట పట్టింది. ఇంకొకటి, సాగు కోసం బయటి దేశం నుంచి తెచ్చిన కప్పాఫైకస్ అనే సముద్రపు నాచు. క్రుసడై దీవి దగ్గర అది పగడాల మీదికి పాకి దుప్పటి కప్పినట్టు కప్పేసింది. ఎండ తగలకపోతే కింద పగడం పస్తు. చేత్తో ఏరి గోతాల్లోకి ఎత్తాలి, ఒక ముక్క వదిలినా మళ్లీ పెరుగుతుంది.

నాచు మాటొచ్చింది కాబట్టి అక్కడి అక్కల గురించి చెప్పకుండా వెళ్లలేను. పాంబన్, రామేశ్వరం వైపు మత్స్యకార స్త్రీలు తరతరాలుగా సముద్రంలో మునిగి నాచు ఏరుతున్నారు. వాళ్లు పాసి అంటారు, మన పాచే. చీర మీద చొక్కా, కళ్లకి అద్దాలు, కాళ్లకి రేకు పలకలు కట్టుకుంటారు, అవే వాళ్ల ఫిన్లు. వేళ్లకి గుడ్డ పీలికలు. సిలిండర్ లేదు, ఊపిరి బిగబట్టి దిగడమే. నేను 14 కిలోల సిలిండర్, బరువుల బెల్టు మోసుకుంటూ పడవ ఎక్కుతుంటే ఒక పెద్దావిడ అడిగింది, "ఇదంతా వేసుకుని ఏం తెస్తావు కిందనుంచి?" ఏమీ తీసుకురాను, రాసుకొస్తానన్నాను. ఆవిడ పక్కావిడ వైపు తిరిగి ఏదో అంది, ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాకు తమిళం బాగానే వచ్చు గానీ ఆ మాట మాత్రం అందలేదు. అందకపోవడమే మంచిదేమో.

పార్కు వచ్చాక ఆ దీవుల దగ్గర నాచు ఏరడం మీద వీళ్లకీ అటవీ శాఖకీ చాలాకాలం పెనుగులాట. వాళ్లలో వాళ్లే కట్టుబాటు పెట్టుకున్నారు: నెలంతా ఏరకూడదు, అమావాస్య పౌర్ణముల చుట్టూ కొన్ని రోజులే, నాచు మళ్లీ పెరిగే వ్యవధి ఇవ్వాలని. చిన్నపాలం ఊరి లక్ష్మీ మూర్తిగారు ఈ స్త్రీల తరఫున నిలబడి మాట్లాడినందుకు 2015లో అమెరికాలోని సీకాలజీ సంస్థ బహుమతి ఇచ్చింది. నేను కాలేజీలో ఎవరూ ఈ పేరు చెప్పగా వినలేదు. దిబ్బ ఎలా ఉందని మేం ఆరు వారాలు టేపులు పరిచి తెలుసుకున్నదాంట్లో కొంత వాళ్లు గాలిని బట్టి, నీటి వేడిని బట్టి ముందే చెప్పేశారు. నైరుతి గాలిని కచ్చాన్ అంటారు, ఉత్తరపు గాలిని వాడై అంటారు. కచ్చాన్ మొదలైతే ఆ వైపు నీళ్లు కలకబారతాయి, డైవింగ్ బంద్.

ఇప్పుడు ఏప్రిల్ సంగతి. మేం మొదటిసారి వెళ్లింది 2024 జనవరిలో. అప్పుడు మూడో టేపు మీద 14.5 మీటర్ల గీత కింద ఒక గుండ్రటి పగడం ఉంది. పెద్ద రోలంత. ఆ జాతి ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది, కాబట్టి అది వయసులో నాకంటే పెద్దదే అయ్యుంటుంది. లేత గోధుమ రంగు, ముట్టుకుంటే జిగురుగా ఉంటుందట, నేను ముట్టుకోలేదు. పక్కన ఎప్పుడూ ఒక చిలక చేప తిరుగుతుండేది. ముక్కుతో దిబ్బని కొరికి, నాచు తిని, సున్నాన్ని ఇసుకగా వదులుతుంది. దీవుల మీద మనం నడిచే తెల్ల ఇసుకలో దాని వాటా కూడా ఉంటుంది. కాస్త ఆలోచించి కాలు పెట్టండి.

ఏప్రిల్ చివర మళ్లీ వెళ్లాం. అదే నెలలో ప్రపంచమంతటా పగడాలు తెల్లబడుతున్నాయని, ఇది నాలుగోసారని శాస్త్రవేత్తలు ప్రకటించారు. నీళ్లలోకి దూకగానే తేడా ఒంటికే తెలిసింది. చల్లగా లేదు, స్నానానికి తొరిపిన నీళ్లలా ఉంది. అక్కడి పగడాలకి 30 డిగ్రీలు దాటి కొన్ని వారాలుంటే కష్టం. మామూలు ఎండాకాలం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై, అది అలాగే నిలిస్తే చాలు, ఒంట్లో పాచికీ పగడానికీ చెడుతుంది. పగడం పాచిని బయటికి గెంటేస్తుంది. రంగు పోతుంది. లోపలి సున్నం అద్దంలోంచి కనిపించినట్టు కనిపిస్తుంది.

నిజం చెప్పాలంటే చూడ్డానికి చాలా బాగుంది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మల్లెపూలు ఆరబోసినట్టు దిబ్బంతా తెలుపు. కొన్ని పగడాలైతే తెల్లబడే ముందు నీలం, గులాబీ రంగుల్లో మెరుస్తాయి. మాతో కొత్తగా వచ్చిన అబ్బాయి పైకొచ్చి, "అక్కా, ఎంత బాగుందో" అన్నాడు. వాడి తప్పు కాదు. నేను కూడా షోకేసులో తెల్లదాన్ని చూసే కదా పగడమంటే తెలుపనుకుని పెరిగింది.

తెల్లబడినంత మాత్రాన చచ్చినట్టు కాదు, ఇది గుర్తుపెట్టుకోండి. పస్తుంటుంది. నీళ్లు త్వరగా చల్లబడితే పాచి మళ్లీ చేరుతుంది. ఆలస్యమైతే చస్తుంది, అప్పుడు వారం పది రోజుల్లో దాని మీద బూజులా నాచు పడుతుంది. ఆ రెండింటికీ తేడా పట్టడానికి మొహం అడుగు దూరంలో పెట్టి చూడాలి. మెత్తటి పొర ఉందా లేదా. చేతులు కట్టుకుని. ఆ రోజు 14.5 దగ్గర నేను రాసింది: గట్టి పగడం, పూర్తిగా తెలుపు, ప్రాణం ఉంది.

ఇలాంటి గీతలన్నీ కలిపితే ఏం లాభం అని అమ్మ అడిగింది. 2016లో కూడా ఇలాగే వేడెక్కింది. అప్పుడు మన్నార్ దిబ్బల్లో ప్రాణమున్న పగడం 38.9 శాతం నుంచి 22.7 శాతానికి పడిపోయిందని తూత్తుకుడి పరిశోధకులు లెక్క తేల్చారు. ముందు ఎంతుందో ఎవరో మునిగి రాసిపెట్టారు కాబట్టే ఎంత పోయిందో తెలిసింది. అడంగల్ లేని ఊళ్లో కరువొచ్చిందని ఎలా రుజువు చేస్తారు? తాతయ్య మాటే ఇది, నాది కాదు.

తిరుగు రైలుకి ఒక రోజు ముందు ధనుష్కోడి వెళ్లాం. 1964 డిసెంబరు తుఫానులో పోయిన ఊరు. మన యాత్రికులందరూ ఆ పాడుబడ్డ చర్చి ముందు ఫోటోలు దిగుతారు, మీరూ దిగే ఉంటారు. ఈసారి వెళ్తే గోడ దగ్గరగా వెళ్లి చూడండి. పూత రాలిన చోట రాళ్ల మీద నక్షత్రాల గుంటలు కనిపిస్తాయి. పగడపు రాళ్లు. ఆ రోజుల్లో అక్కడ ఇల్లు కట్టాలంటే చేతికందే రాయి అదే, కాల్చితే సున్నం కూడా అదే. వాళ్లని తప్పు పట్టే అర్హత షోకేసు ఉన్న ఇంటివాళ్లం, మనకి లేదు. 2001లో దిబ్బలు కట్టే పగడాలని వన్యప్రాణి చట్టం తొలి షెడ్యూలులో చేర్చారు, పులి ఉన్న జాబితాలో. విరిగిన ముక్కని కూడా ఏరుకోకూడదు. రామేశ్వరంలో ఎవరైనా గుడ్డ కింద దాచి చూపిస్తే కొనకండి. మా షోకేసులో దాన్ని ఏం చెయ్యాలో ఇంట్లో ఇంకా తేలలేదు. నానమ్మ దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది, పోలీసులొస్తారని.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. ఇప్పుడు డబ్బు తీసుకుని వారం రోజుల్లో "పగడం నాటిస్తాం" అనే ప్యాకేజీలు చాలా వచ్చాయి. కొన్ని మంచివే కావచ్చు. నేనైతే డబ్బు కట్టేముందు, మేం రాసిన లెక్క ఎవరి దగ్గరికి పోతుంది, పోయినేడాది లెక్క చూపిస్తారా అని అడుగుతాను. తడబడితే అది విహారయాత్ర. విహారయాత్రకి వెళ్లండి, తప్పులేదు, సర్టిఫికెట్ మీద సంరక్షణ అని రాయించుకోకండి. ఇంకోటి, ఇసుక మీద రెండు రోజులు చేతులు కట్టించే వాళ్లు దొరికితే వదలకండి. చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండేలా టికెట్ తీసుకోండి, ఒంట్లో చేరిన నైట్రోజన్ పోవాలి. రైలైతే ఈ బాధ లేదు, చెన్నైవాళ్లకి అదొక సుఖం.

అక్టోబరులో నాకు పరీక్షలు, వెళ్లలేకపోయాను. మా జూనియర్, ఆ "ఎంత బాగుందో" అన్న అబ్బాయే, మూడో టేపు చూశాడు. రాత్రి పలక ఫోటో పంపాడు. నేను సూటిగా 14.5 గడి వెతికాను. వాడి వంకర రాతలో ఉంది: గట్టి పగడం, సగం ప్రాణం, సగం నాచు.

తాతయ్యకి ఫోన్ చేసి చదివి వినిపించాను. కాసేపు ఆగి, "సగమంటే ఎంత? అలా రాస్తే ఎట్లా, కొలిచి రాయమను" అన్నారు. వచ్చే నెల వెళ్తున్నాం. ఈసారి స్కేలు కూడా పట్టుకెళ్తున్నాను.

ప్రశ్నలుంటే అడగండి. ఖర్చు సంగతైతే మాత్రం మా అమ్మ మూడో వరుసలో కూర్చుంది, ఆవిడ దగ్గర రసీదులతో సహా ఉంటుంది. (చప్పట్లు)